గోడ బీటలు వారితే పూచీ ఎవరిది?

కుక్కర్ కొంటే గ్యారంటీ కార్డు మీద షాపువాళ్ళ ముద్ర వేయించుకుని గానీ కదలం. మిక్సీ బిల్లు బీరువాలో చీరల అడుగున భద్రంగా ఉంటుంది. పట్టుచీర అయితే అంచు వెనక్కి తిప్పి జరీ చూస్తాం. బంగారం దగ్గర మన జాగ్రత్త గురించి చెప్పనే అక్కర్లేదు. ఇంత నేర్పున్న మనం, జన్మకొకసారి కొనుక్కునే ఇంటి దగ్గరికి వచ్చేసరికి అడిగేవి వేరే ప్రశ్నలు. పొయ్యి ఆగ్నేయంలో వస్తుందా? పూజ గది ఎటువైపు? బాల్కనీలో బట్టలు ఆరతాయా? అవీ అడగాల్సినవే, కాదనను. కానీ "ఈ పిల్లర్లకీ, ఈ శ్లాబుకీ పూచీ ఎన్నాళ్ళు? ఎవరిది? కాగితం మీద ఉందా?" అని అడిగిన ఆడవాళ్ళు మీకు తెలిసినవాళ్ళలో ఎంతమంది ఉన్నారో వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి.

"అవన్నీ మగవాళ్ళు చూసుకుంటారులెండి" అంటారేమో. చూసుకోనివ్వండి, మంచిదే. కానీ ఆ ఇంట్లో పొద్దస్తమానం ఉండేది మనం. వంటింటి గోడకి చెమ్మ ఎక్కుతోందని ముందు తెలిసేది మనకి. పండక్కి బూజులు దులుపుతుంటే కప్పు మూల సన్నటి గీత కనిపించేదీ మన కంటికే. ఆ గీతకి ఎవరు జవాబుదారీయో మనకి తెలిసి ఉంటే సగం ఇబ్బంది తప్పుతుంది. నేను చదివింది ఇంటర్మీడియట్టే. మా అపార్ట్‌మెంటులో వచ్చిన ఒక గొడవ పుణ్యమా అని ఈ బీమా కాగితాలూ, చట్టం కాగితాలూ ఒకటికి పదిసార్లు చదవాల్సి వచ్చింది. తెలిసినంతవరకు తేలిక మాటల్లో చెబుతాను.

ముందుగా ఒక చిక్కుముడి విప్పుకుందాం. "మా ఫ్లాటుకి ఇన్సూరెన్సు ఉందండీ, లోను ఇచ్చేటప్పుడే బ్యాంకువాళ్ళు చేయించారు" అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ కాగితం ఒకసారి తీసి చూడండి. మామూలుగా అది రెండు రకాల్లో ఒకటై ఉంటుంది. మొదటిది లోను తీసుకున్న మనిషి ప్రాణానికి చేసిన బీమా. జరగరానిది జరిగితే మిగిలిన అప్పు తీరుతుంది. ఉండాల్సిన బీమాయే గానీ ఇంటి గోడకీ దానికీ సంబంధం లేదు.

రెండోది ఇంటికే చేసిన బీమా. ఇళ్ళ కోసం 'భారత్ గృహ రక్ష' అనే ఒకే మాదిరి పాలసీని సాధారణ బీమా కంపెనీలన్నీ 2021 ఏప్రిల్ 1 నుంచి అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డిఏఐ చెప్పింది. అగ్నిప్రమాదం, పిడుగు, తుఫాను, వరద, భూకంపం, నీళ్ళ ట్యాంకు పగలడం లాంటివి ఇందులోకి వస్తాయి. కట్టడానికి బీమా చేయిస్తే ఇంట్లో సామానుకి కూడా ఆ మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షలు మించకుండా, దానంతట అదే రక్షణ ఉంటుంది. నగలూ విలువైన వస్తువులూ మాత్రం విడిగా చెప్పి చేయించుకోవాలి. బీమా మొత్తం లెక్కగట్టేది కట్టడం ఖర్చు మీద, స్థలం ధర మీద కాదు. ఏ కంపెనీ ఎంత ప్రీమియం అడుగుతోందో పోల్చుకుని తీసుకోవచ్చు. తీసుకోమనే నా సలహా. తుఫాన్లు మనకి కొత్త కాదు కదా.

అయితే అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆ పాలసీలో రాసిన ప్రమాదం జరిగితేనే డబ్బు వస్తుంది. ఇల్లున్న నేల కుంగితే వర్తిస్తుందని ఒక వాక్యం ఉంటుంది. దాని పక్కనే మినహాయింపులు ఉంటాయి. కొత్త కట్టడం సర్దుకునేటప్పుడు వచ్చే మామూలు పగుళ్ళు, మట్టి పోసి ఎత్తు చేసిన నేల కుంగడం, లోపమున్న డిజైను, నాసిరకం పనితనం, నాసిరకం సరుకు. ఇవేవీ దానికిందికి రావు. అంటే గుంట పూడ్చిన నేల మీద కట్టిన ఇల్లు ఒక పక్కకి కుంగినా, సిమెంటు తగ్గించి పోసిన శ్లాబు పెచ్చులూడినా ఆ పాలసీ మనల్ని ఆదుకోదు. మా 102 నంబరు పిన్నిగారు ఈ వాక్యం చదివించుకుని విని, "అయితే దేవుడు చేసిన నష్టానికి బీమా ఉంది, బిల్డరు చేసిన నష్టానికి లేదన్నమాట" అన్నారు. అంతకంటే సూటిగా నేను చెప్పలేను.

మరి బిల్డరు చేసిన నష్టానికి దిక్కెవరు? బిల్డరే. ఆ మాట చట్టంలోనే ఉంది. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం, మనం రెరా అంటామే, దానిలో 14వ సెక్షను మూడో భాగం ప్రతి ఇల్లాలూ గుర్తుపెట్టుకోవాల్సింది. ఫ్లాటు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ళ లోపల పిల్లర్లు, బీములు, శ్లాబుల్లాంటి నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ లోపం కనిపించి బిల్డరు దృష్టికి తెస్తే, మళ్ళీ పైసా అడగకుండా 30 రోజుల్లో బాగుచేయాలి. చేయకపోతే కొన్నవాళ్ళు తగిన నష్టపరిహారం అడగవచ్చు. ఈ సెక్షను 2017 మే 1 నుంచి అమల్లో ఉంది. ఇక్కడ రెండు మాటలు జాగ్రత్తగా చూడండి. ఒకటి, లెక్క మొదలయ్యేది స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి. మనం పాలు పొంగించిన రోజు నుంచి కాదు. అందుకని స్వాధీనపత్రం తేదీతో సహా దాచుకోవాలి. రెండు, ఐదేళ్ళలోపు బిల్డరుకి తెలియజేయాలి. మనలో మనం అనుకుంటే చాలదు. గేటు దగ్గర ఆయన కారు ఆపి చెప్పినా రేపు రుజువుండదు.

ఆ చట్టంలోనే 16వ సెక్షను ఉంది. ప్రాజెక్టు స్థలం హక్కుకీ, కట్టడానికీ బిల్డరు బీమా చేయించాలని, ప్రీమియం తనే కట్టుకోవాలని, సంఘం ఏర్పడ్డాక ఆ కాగితాలన్నీ సంఘానికి అప్పగించాలని అందులో ఉంది. అయితే ఏయే బీమాలు తప్పనిసరో ప్రభుత్వం నోటిఫై చేయాలన్న మెలిక కూడా ఉంది. కాబట్టి చట్టంలో ఉంది కదా, మన ప్రాజెక్టుకీ ఉండే ఉంటుందిలే అనుకోకండి. అడిగి, కాగితం చూడాలి. ఎలా చూడాలో తర్వాత చెబుతాను. ముందు మా అపార్ట్‌మెంటు సంగతి వినండి, ఎందుకింత చెబుతున్నానో అర్థమవుతుంది.

మాది నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. తాళాలు చేతికిచ్చి నాలుగేళ్ళు నిండాయి. సెల్లార్లో లిఫ్టు పక్క పిల్లరు దగ్గర రోజూ సిమెంటు పొడి రాలుతోందని ముందుగా చెప్పింది వాచ్‌మన్ భార్య. ఊడ్చేది ఆమే కదా. వెళ్ళి చూస్తే పిల్లరు పొడుగునా నిలువుగా ఒక గీత, గీత పక్కన ఎర్రటి మరక. బిల్డరు ఆఫీసుకి ఫోను చేశాం. రెండో రోజు పుట్టీ డబ్బాతో మేస్త్రి వచ్చాడు. "ఎయిర్ క్రాకేనమ్మా, రెండు చేతులు పుట్టీ పెడితే కనపడదు" అన్నాడు. కనపడకుండా పోవడమే కదా మా భయం! కూర్చోబెట్టి టీ ఇచ్చి, డబ్బా మూత తీయనివ్వకుండా పంపించాం.

ఆ ఆదివారం మీటింగు పెట్టారు. ఎప్పుడూ పదిమందికి మించి రాని మీటింగుకి ఆ రోజు నలభై గడపల వాళ్ళూ వచ్చారు. ఇంజనీరుని పిలిచి చూపిద్దామని, బిల్డరుకి ఉత్తరం రాద్దామని కొందరన్నారు. అప్పుడు 304 వదినగారు లేచి నిలబడ్డారు. ఆవిడ కూతురి పెళ్ళి కుదిరింది, ఫ్లాటు అమ్మకానికి పెట్టారు. "ఈ మాట కాగితం మీదికెక్కితే మా ఫ్లాటు ఎవరూ కొనరు. మీకు పుణ్యముంటుంది, నా బిడ్డ పెళ్ళయ్యేదాకా ఆగండి" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఎవరికీ నోరు పెగల్లేదు. ఇంకొకాయన "బిల్డరు మంచివాడు, నోటిమాటగా చెబితే చేస్తాడు, ఉత్తరాలెందుకు?" అన్నారు. పిన్నిగారు ఊరుకోలేదు. "ఐదేళ్ళు నిండేదాకా నోటిమాట చెబుతాడు, నిండాక చట్టం కాగితం చూపిస్తాడు. ఇంకా పదకొండు నెలలే ఉంది నాయనా" అన్నారు. తర్వాత వదినగారి పక్కకి వెళ్ళి కూర్చుని మెల్లగా ఒక మాటన్నారు. "రేపు నీ ఫ్లాటు కొనుక్కునేది కూడా ఒక ఆడపిల్ల తల్లే కదమ్మా."

ఆ మాట చాలామందికి తగిలింది, నాకూ తగిలింది. ఎందుకంటే ధర పడిపోతుందన్న భయం ఆవిడ ఒక్కరిదే కాదు, ఆ హాల్లో సగంమందిది. నగలు కుదువబెట్టి, ఊళ్ళో పొలం అమ్మి కొనుక్కున్న గూడు. దాని విలువ తగ్గుతుందంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కానీ పగులు మన పరువు చూసి ఆగదు కదండీ. 2022 ఫిబ్రవరి 10న గురుగ్రామ్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంటులో ఆరో అంతస్తు శ్లాబు విరిగి, కిందివి ఒకదాని మీద ఒకటి కూలుకుంటూ మొదటి అంతస్తు దాకా పడ్డాయి. ఇద్దరు ఆడవాళ్ళు చనిపోయారు. ఢిల్లీ ఐఐటీ వాళ్ళు పరీక్షించి కాంక్రీటులో క్లోరైడ్లు ఎక్కువగా ఉన్నాయని, లోపలి ఇనుము తుప్పుపట్టిందని, ఆ టవరు నివాసానికి పనికిరాదని తేల్చారు. అంతకుముందు 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతుండగానే 11 అంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది ప్రాణాలు పోయాయి. అందులో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి వెళ్ళినవాళ్ళు ఎందరో ఉన్నారు. పక్కనున్న జంట టవరుని 2016 నవంబరులో పడగొట్టేశారు. భయపెట్టాలని చెప్పడం లేదు. పగుళ్ళన్నీ కూలిపోయే పగుళ్ళు కావు. ఏది ఏమిటో తెలిసినవాళ్ళు చూసి చెప్పాలి, అంతే.

చివరికి ఉత్తరం రాయాలనే నిర్ణయమైంది. ముందు నలభై ఇళ్ళవాళ్ళం తలాకొంత వేసుకుని, బిల్డరుకి సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిపించాం. ఆయన ఒక చిన్న సుత్తిలాంటి పరికరంతో పిల్లరుని అక్కడక్కడ కొట్టి లెక్కలు రాసుకున్నారు. పగులు దగ్గర కాస్త చెక్కి చూపించారు. గోరు లోతులోనే ఇనపకడ్డీ కనిపించింది. పిల్లరులో నిలువు కడ్డీల మీద కనీసం 40 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు కప్పి ఉండాలని మన దేశపు ఐఎస్ 456 కోడు 2000 సంవత్సరం నాటి ప్రతిలో ఉందట. ఇక్కడ అంత లేదు. దానికి తోడు పక్కనున్న డ్రైనేజీ గొట్టం అతుకు దగ్గర ఎప్పుడూ తడి. తడి తగిలి కడ్డీ తుప్పుపట్టింది. తుప్పుపట్టిన ఇనుము నానిన శనగల్లా ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటుని పగలగొడుతుంది. పుట్టీ పెట్టి ఉంటే లోపల తుప్పు తన పని తాను చేసుకుపోయేది.

ఆయన ఇచ్చిన రిపోర్టు, ఫోటోలు జతచేసి సంఘం పేరున ఉత్తరం పంపాం. అందులో ఏం రాశామో చెబుతాను, మీకు పనికొస్తుంది. ఫ్లాట్లు స్వాధీనం ఇచ్చిన తేదీ. పగులు మొదట చూసిన తేదీ, ఎక్కడ, ఎంత పొడవు. రెరా చట్టం 14వ సెక్షను మూడో భాగం ప్రకారం 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలన్న మాట. బాగుచేసే పద్ధతి ఇంజనీరు సంతకంతో ముందే చూపించాలన్న షరతు. స్పీడ్ పోస్టులో పంపి రసీదూ, అందినట్టు రుజువూ ఫైల్లో పెట్టాం. అదే ఈమెయిల్లో కూడా పంపాం. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. రెరాలో ఫిర్యాదు చేస్తామని రెండో ఉత్తరం వెళ్ళాక వాళ్ళ ఇంజనీరు వచ్చాడు. దన్ను పెట్టి, వదులైన కాంక్రీటు చెక్కేసి, తుప్పు గీకి, కొత్త కడ్డీలు చుట్టి, ఆ పిల్లరుకీ దాని పక్క పిల్లరుకీ మందంగా కొత్త కాంక్రీటు తొడుగు పోశారు. గొట్టం మార్చారు. డాబా మీద నీళ్ళు దిగే సమస్య మాత్రం ఇంకా తెమల్లేదు, దాని మీద రెరాకి ఫిర్యాదు వెళ్ళింది.

వదినగారి సంగతి అడుగుతారేమో. ఆ పనయ్యాక ఫ్లాటు అమ్మారు. కొనేవాళ్ళకి రిపోర్టూ, బాగుచేసిన కాగితాలూ చూపించి మరీ అమ్మారు. అనుకున్నదానికంటే కాస్త తగ్గింది. పెళ్ళి ముహూర్తం మాత్రం దాటలేదు.

ఇక మీ ఇంటి సంగతికి వద్దాం. గోడ మీద గీత కనపడగానే హడలిపోనక్కర్లేదు. ప్లాస్టరింగు మీద సాలెగూడులా అల్లుకున్న సన్నటి గీతలు చాలావరకు సిమెంటు ఆరేటప్పుడు వచ్చేవి. ఇటుకగోడ పిల్లరుని కలిసేచోట నిటారుగా వచ్చేది రెండు రకాల సరుకు కలిసే అతుకు దగ్గర తరచూ కనిపించేదే. ఊరుకోకూడనివి ఇవి. పిల్లరులోనో బీములోనో వచ్చిన పగులు. బీము చివర్ల దగ్గర ఏటవాలుగా వచ్చిన పగులు. తుప్పు మరకతో ఉన్న పగులు. కప్పు పెచ్చులూడి కడ్డీ బయటపడటం. తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, గోడ మీద పగులు గుమ్మం మూల నుంచి ఏటవాలుగా పైకి పాకడం. పగులు పెరుగుతోందా లేదా అని తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతుంది. పగులు రెండు చివరలా పెన్సిలుతో అడ్డగీత గీసి పక్కన తేదీ వేయండి. నెలకోసారి చూడండి. గీత దాటి ముందుకు పోతే అది పెరుగుతున్నట్టే. పగులుకి అడ్డంగా చిన్న గాజుముక్కని రెండు కొసలా సిమెంటుతో అతికించి ఉంచేవాళ్ళూ ఉన్నారు. గాజు విరిగితే గోడ కదులుతున్నట్టు లెక్క. తేదీతో ఫోటోలు తీసి దాచుకోండి. అయితే పిల్లరులోనో బీములోనో పగులు కనిపిస్తే గీతలు గీసుకుంటూ కూర్చోకుండా వెంటనే ఇంజనీరుకి చూపించాలి. ఇంకో మాట. అల్మారా కోసమో, ఏసీ గొట్టం కోసమో మనమే బీముకి కన్నం పెట్టిస్తే, గోడ పడగొట్టిస్తే, రేపు పగులు వచ్చినప్పుడు బిల్డరు వేలు మనవైపే చూపిస్తాడు. ఆ అవకాశం ఇవ్వొద్దు.

కొత్తగా కొనబోయేవాళ్ళకి కొన్ని మాటలు. ముందుగా ఆ ప్రాజెక్టు రెరాలో నమోదైందా అని చూడండి. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే ఇంచుమించు 600 గజాలు మించకపోయినా, లేదా ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా నమోదు తప్పనిసరి కాదు. మన వీధుల్లో రెండువందల గజాల్లో లేచే ఐదు ఫ్లాట్ల ఇళ్ళు ఈ లెక్కలోకే వస్తాయి. అవి కొనేటప్పుడు ఐదేళ్ళ పూచీ మాట అగ్రిమెంటులోనే స్పష్టంగా రాయించుకోండి. లోపం బయటపడితే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఫిర్యాదుకి కారణం ఏర్పడినప్పటి నుంచి రెండేళ్ళ లోపల వెళ్ళాలి. రాతకోతలుగా అమ్మకపు అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి ముందు తీసుకోకూడదని రెరా చట్టం 13వ సెక్షను చెబుతోంది. కాబట్టి ఆ అగ్రిమెంటు చదవడానికి మనకి సమయం ఉంటుంది. తొందరపెడితే తొందరపడకండి.

రెండోది, "మా ప్రాజెక్టుకి ఇన్సూరెన్సు ఉందమ్మా" అని సేల్స్ అమ్మాయి అంటే నవ్వుతూనే నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ పాలసీ? చాలాసార్లు అది కడుతున్నప్పుడు జరిగే ప్రమాదాల కోసం తీసుకునే 'కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్' పాలసీ అయి ఉంటుంది. అది కట్టడం పని కాలానికి సంబంధించింది, మనం కాపురముండే రోజులకి కాదు. నిర్మాణ లోపాల బీమాయే అయితే ఎప్పటి నుంచి ఎప్పటిదాకా? పునాది, పిల్లర్లు, శ్లాబులేనా, డాబా నీటి కారుడు కూడా ఉందా? నష్టంలో మొదట ఎంత మనం భరించాలి? అన్నిటికంటే ముఖ్యం, డబ్బు ఎవరికిస్తారు? బిల్డరు కంపెనీ మూతపడినా సంఘం నేరుగా అడగవచ్చా? ఇలాంటి బీమా ఇచ్చే కంపెనీ పునాదుల దశ నుంచే తన తరఫు ఇంజనీర్ల చేత కట్టడాన్ని తనిఖీ చేయించుకుంటుంది. అందుకే గృహప్రవేశం అయ్యాక మనం విడిగా వెళ్ళి కొనుక్కునే బీమా కాదిది. బిల్డరు చేత ముందే చేయించాల్సింది.

బయటి దేశాల్లో ఇది అలవాటైన పద్ధతే. బ్రిటన్‌లో 1936లో మొదలైన ఎన్‌హెచ్‌బీసీ అనే సంస్థ కొత్త ఇళ్ళకి 'బిల్డ్‌మార్క్' పేరుతో పదేళ్ళ పూచీ ఇస్తుంది. మొదటి రెండేళ్ళు లోపాలు బిల్డరు సరిచేయాలి. మూడో ఏడు నుంచి పదో ఏడు దాకా ముఖ్యమైన నిర్మాణ భాగాలకి బీమా ఉంటుంది. అక్కడ కూడా అన్నీ ఇచ్చేస్తారనుకోవద్దు. ఇల్లు ఆరేటప్పుడు వచ్చే సన్నగీతలూ, వాడకంలో వచ్చే అరుగుదలా దానికిందికి రావు. చివరి ఎనిమిదేళ్ళలో చిన్న చిన్న ఖర్చులకి కూడా ఇవ్వరు. మీ పిల్లలెవరైనా అక్కడ కొత్త ఇల్లు కొంటుంటే "రెండేళ్ళు నిండేలోపల లోపాలన్నీ రాసి బిల్డరుకి ఇచ్చావా?" అని ఫోనులో అడగండి. అమ్మకి ఇవన్నీ ఎలా తెలుసని ఆశ్చర్యపోతారు.

మూడోది, కడుతుండగా చూసే అవకాశముంటే సాయంత్రం పూట వెళ్ళండి. పోసిన శ్లాబు మీద నీళ్ళు నిలిపారా, పిల్లర్లకి గోనెపట్టాలు చుట్టి తడుపుతున్నారా చూడండి. మన ఎండలకి, ఇప్పుడు ఎక్కువగా వాడే రకం సిమెంటుకి రెండు వారాలు తడపడం మంచిదని మా ఇంజనీరుగారు చెప్పారు. కాంక్రీటు దిమ్మల్ని 28 రోజులకి పరీక్షించిన రిపోర్టులు ఉంటాయి, చూపించమని అడగండి. అడిగితే తప్పేమీ లేదు. అడిగినవాళ్ళ శ్లాబు కాస్త జాగ్రత్తగా పోస్తారని మేస్త్రులే అంటుంటారు.

ఆఖరుగా మీరు ఈ వారమే చేయగలిగిన పని ఒకటుంది. ఇంటి ఫైలు దింపి మూడు కాగితాలు వెతకండి. బ్యాంకు చేయించిన బీమా, స్వాధీనపత్రం, అమ్మకపు అగ్రిమెంటు. స్వాధీనపత్రం మీది తేదీకి ఐదేళ్ళు కలిపి, ఆ రోజుకి ఆరునెలల ముందు తేదీని కాగితం మీద రాసి వంటింటి తలుపు లోపలివైపు అతికించండి. ఆ తేదీ వచ్చినప్పుడు సెల్లారు నుంచి డాబా దాకా ఒకసారి అందరూ కలిసి తిరిగి చూడండి. కనిపించినవన్నీ రాసి సంఘం చేత ఉత్తరం పంపించండి. ఏమీ కనిపించకపోతే మరీ మంచిది, ఆ పూట నిశ్చింతగా ఉంటారు.